లేజర్ కన్నా ముందు నెలసరి సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 24 ఏళ్లు, చామనఛాయ. రెండేళ్లుగా గడ్డం కింద, దవడ పక్కన ముతక వెంట్రుకలు వస్తున్నాయి. వారం వారం థ్రెడింగ్ చేయించుకుంటున్నాను. చెంపల మీద సన్నటి నూగు కూడా ఉంది. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. ఆరు సిట్టింగుల లేజర్ ప్యాకేజీ తీసుకుంటే జన్మలో మళ్లీ వెంట్రుకలు రావని సెంటర్లో చెప్పారు. ముఖం మొత్తానికి చేయించుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా, ముఖం మొత్తానికి వద్దు. ప్యాకేజీకి డబ్బు కూడా ఇప్పుడే కట్టకండి.

నెలసరి గురించి మీరు ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగాను. గడ్డం మీద ముతక వెంట్రుకలు, గాడి తప్పిన నెలసరి, ఈ రెండూ కలిసి కనిపిస్తే పీసీఓఎస్ (అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య) ఉందేమో చూడాలి. టెస్టోస్టిరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్షలు చేయించండి. అవసరమైతే స్కానింగ్ రాస్తారు. లేజర్ ఇప్పుడున్న కుదుళ్లను దెబ్బతీస్తుంది, అంతే. హార్మోన్లు అలాగే ఉంటే ఇవాళ్టి నూగు రేపు ముతక వెంట్రుకవుతుంది, మీరు మళ్లీ సెంటర్‌కి వెళ్తారు. గొంతు బొంగురుపోతున్నా, కొద్ది నెలల్లోనే వెంట్రుకలు విపరీతంగా పెరిగినా పరీక్షలు అస్సలు వాయిదా వేయొద్దు.

ఇక లేజర్. అమెరికాలో వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కూడా లేజర్ల విషయంలో ఒప్పుకున్నది వెంట్రుకలు శాశ్వతంగా 'తగ్గడం' వరకే. మిగిలినవి సన్నబడతాయి, అప్పుడప్పుడు టచప్ కావాలి. లేజర్ కాంతిని పట్టుకునేది వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్. అదే మెలనిన్ చర్మంలోనూ ఉంటుంది కాబట్టి మనలాంటి రంగువాళ్లకు కాలిన మచ్చల భయం ఎక్కువ. లోతుకు వెళ్లే 1064 నానోమీటర్ల ఎన్‌డీయాగ్ లేజర్ మీకు ఎక్కువ సురక్షితం. చర్మాన్ని బాగా చల్లబరిచే డయోడ్ లేజర్ కూడా అనుభవం ఉన్న చేతుల్లో ఫర్వాలేదు. మెషిన్ పేరు అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే లేచి వచ్చేయండి. ఐపీఎల్ (కాంతి మెరుపులతో వెంట్రుకలు తగ్గించే మరో పద్ధతి) అంటే మాత్రం లేజర్ కాదు, లేజర్ పేరుతో దాన్ని అంటగట్టేవాళ్లున్నారు.

చెంపల నూగు జోలికి ఎందుకు వద్దంటున్నానంటే, సన్నటి వెంట్రుకల మీద లేజర్ పడితే కొందరిలో అవి తిరగబడి మరింత ఒత్తుగా, నల్లగా వస్తాయి. ముఖం, మెడ దగ్గర, హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తాం. ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు.

థ్రెడింగ్ నెల ముందే ఆపేయాలి. కుదురులో వెంట్రుక లేకపోతే లేజర్‌కి అక్కడ పనేం ఉంటుంది? ఈలోగా షేవ్ చేసుకోండి. షేవింగ్ వల్ల వెంట్రుకలు ముతకబారవు, టెన్షన్ వద్దు. అన్ని వెంట్రుకలూ ఒకేసారి ఎదిగే దశలో ఉండవు కాబట్టి ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకో సిట్టింగ్ పడుతుంది. ఆరుతో ఆగుతుందన్న హామీ లేదు. ఎండకు కమిలి ఉన్నా, గర్భం దాల్చినా వాయిదా వేస్తాం. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతుంటే ముందే చెప్పండి.

తెల్ల వెంట్రుకల్లో మెలనిన్ ఉండదు, లేజర్ పనిచేయదు. వాటికి ఎలక్ట్రాలిసిస్సే దారి. 1875లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టర్ లోపలికి పెరిగి గుచ్చుకునే కనురెప్ప వెంట్రుకల కోసం మొదలుపెట్టిన పద్ధతి అది. ఒక్కో కుదురులో సూది పెట్టి కరెంటు పంపాలి, చాలా ఓపిక కావాలి.

మొదటి రోజే గడ్డమంతా చేయించుకోకుండా దవడ కింద చిన్న చోట టెస్ట్ చేయమనండి. ఒకటి రెండు రోజులు కాస్త ఎర్రగా, ఉబ్బుగా ఉండడం మామూలే. బొబ్బ లేచినా, నల్లమచ్చ పడినా తర్వాతి సిట్టింగ్‌కి వెళ్లకుండా ముందు చర్మవైద్యులకు చూపించండి.