బ్రూడర్‌లో (బల్బుల వేడితో పిల్లలను పెంచే గూడులో) కోడిపిల్లలు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటుంటే ఏం చేయాలి?

తోక దగ్గర రక్తం కనిపించిన పిల్లను ముందు వేరుచేయండి. ఎరుపు కంటబడితే మిగతావన్నీ అక్కడే పొడిచి చంపేస్తాయి. గాయానికి పసుపు, వేపనూనె కలిపి రాయండి. పూర్తిగా మానాకే తిరిగి కలపాలి.

ఎక్కువసార్లు అసలు కారణం వేడి, ఇరుకు. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, ఆపై వారానికి 5 డిగ్రీలు తగ్గించాలి. ఎండాకాలం పట్టపగలు కూడా బల్బులన్నీ వెలిగించి ఉంచేవాళ్లున్నారు, అనవసరం. పిల్లలు నోరు తెరిచి రొప్పుతూ బల్బుకు దూరంగా జరుగుతున్నాయంటే వేడి ఎక్కువైనట్టే. రెండు వారాల వరకు ఒక్కోదానికి అర చదరపు అడుగు, తర్వాత ఒక చదరపు అడుగు చోటివ్వండి. అంటే 100 పిల్లలకు మొదట 50 చదరపు అడుగులు, రెండు వారాలు దాటాక 100. తెల్ల బల్బు బదులు ఎర్రది పెడితే రక్తం రంగు తేలిగ్గా కనపడదు.

ఉత్త నూకలు మేపినా ఇదే గొడవ. వాటిలో మాంసకృత్తులు సుమారు 8 శాతమే, పిల్లలకు 20 శాతం దాకా కావాలి. చిక్ స్టార్టర్ దాణా (చిన్న పిల్లల కోసం తయారుచేసే మేత) వేయండి. తోటకూర కట్ట వేలాడదీస్తే ముక్కులకు పని దొరుకుతుంది. ముక్కు కత్తిరింపు మాత్రం ఇవన్నీ సరిచేశాకే ఆలోచించండి.