భోజనాలు ఆపి వంటగది కట్టకండి

ప్రశ్న: మాది విజయవాడ. మావారి వయసు 43, ప్రైవేటు ఉద్యోగం. చేతికి 68,000 వస్తుంది. నేను ఇంట్లో టైలరింగ్ చేసి నెలకు 9,000 సంపాదిస్తాను. ఇద్దరు పిల్లలు. అత్తమామలు మాతోనే ఉంటారు. ప్రతి ఆదివారం ఆడపడుచు కుటుంబం, మరిది దంపతులు, మా అమ్మానాన్నలు కలిసి 14 మందిమి మా ఇంట్లోనే భోంచేస్తాం. దానికి నెలకు 7,500 అవుతోంది. వంటగది ఇరుకు, పొగ. సంక్రాంతిలోపు మాడ్యులర్ కిచెన్, పెద్ద డైనింగ్ టేబుల్ చేయించాలని ఉంది. 4 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామని 14 శాతం వడ్డీకి, నాలుగేళ్లకి మెసేజ్ వచ్చింది. మిగతా లక్షన్నర బంగారం మీద తీసుకుందామని ఆలోచన. ఈఎంఐ కోసం ఆదివారం భోజనాలు కొన్నాళ్లు ఆపేద్దామంటున్నారు మావారు. ఆపొచ్చా? నెలకు 2,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా మొదలుపెట్టమంటారా?

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. జవాబు రాయడానికి మీదే ఎంచుకున్నాను. ఎందుకంటే మధ్యతరగతి ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇందులో చాలా స్పష్టంగా కనిపిస్తోంది. నలుగురినీ కూర్చోబెట్టి అన్నం పెట్టడానికి మంచి వంటగది కావాలనుకున్నారు. దానికి అప్పు. ఆ అప్పు కట్టడానికి ఆ నలుగురినీ రావద్దంటారు. అప్పుడు ఆ వంటగదిలో నాలుగేళ్లపాటు ఎవరికి వండుతారు?

పైన కుదించి వేసిన మీ ఉత్తరంలో మీరు పంపిన లెక్కే ముందు చూద్దాం. ఇంటి రుణం కిస్తీ 22,500, పిల్లల ఫీజులు నెలకు సగటున 9,000, కిరాణా, పాలు, కూరగాయలు 17,000, పెట్రోలు, కరెంటు, ఫోన్లు 9,000, మామగారి మందులు 4,500, చీటీ 5,000, ఆదివారాలకు 7,500. మొత్తం 74,500. మీ ఇద్దరి ఆదాయం 77,000లో మిగిలేది 2,500. 14 శాతం మీద 4 లక్షలకు నాలుగేళ్ల ఈఎంఐ దాదాపు 10,900. భోజనాలు పూర్తిగా ఆపేసినా మీ దగ్గర మిగిలేది 10,000. అంటే మొదటి నెలలోనే తక్కువ పడుతుంది. బంగారం మీద తెచ్చే లక్షన్నరకు నెలకు వెయ్యికి పైగా పెరిగే వడ్డీ దీనికి అదనం. వడ్డీ రూపంలోనే పర్సనల్ లోన్‌కు లక్షా పాతిక వేల దాకా పోతుంది. పైగా ప్రాసెసింగ్ ఫీజు ముందే పట్టుకుని మిగతాదే మీ ఖాతాలో వేస్తారు.

మెసేజ్ వచ్చింది కదా అని అప్పు తీసుకోవడం ఏమిటమ్మా? ఆ మెసేజ్ పంపినవాళ్లకు మీ ఇంట్లో నెలకు 2,500 మాత్రమే మిగులుతుందని తెలియదు. మీకు తెలుసు. చెక్క అల్మరాలు, చిమ్నీ బిగించిన రోజు నుంచే పాతబడటం మొదలవుతాయి. ఇంటి విలువ పెరుగుతుందని మీవారు అంటున్నారని రాశారు. అమ్మేటప్పుడు కొనేవాళ్లు వాటికి విడిగా ధర కట్టరు. దయచేసి ఈ అప్పు జోలికి పోకండి.

ఇక ఆదివారం భోజనాలు. వారానికి 1,750 రూపాయలు, 14 మంది. మనిషికి 125. ఆ డబ్బుకి హోటల్లో ఒక టిఫిన్, కాఫీ వస్తాయి. మీ ఇంట్లో వేడి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, గుత్తివంకాయ, కోడికూర, గడ్డ పెరుగు వస్తున్నాయి. మీ ఇంటి బడ్జెట్‌ను ముంచుతున్నది ఈ ఖర్చు కాదు. తగ్గించాల్సింది అందులోనే కొంత ఉంది. కూల్‌డ్రింకులకి, బేకరీ స్వీట్లకి వారానికి 400 దాకా అవుతోందని మీరే రాశారు. అది మానేయండి. చలిమిడో, పరమాన్నమో, సేమ్యా పాయసమో ఇంట్లో చేస్తే పిల్లలు ఇంకా ఇష్టంగా తింటారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి వచ్చినప్పుడు నాలుగు ఇళ్లవాళ్లు కలిసి టోకున కొని పంచుకోండి. కూరగాయలు రైతు బజారులో కొనండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్కో ఇంటి నుంచి ఒక్కోటి తెమ్మనండి. మీ ఆడపడుచు పెరుగు తెస్తారు, మీ తోటికోడలు ఒక కూర చేసుకొస్తారు, మీ అమ్మగారు పచ్చడి. అడగడానికి మొహమాటంగా ఉంటుందని నాకు తెలుసు. పిలిచి, తెచ్చుకోమంటే ఏం బాగుంటుందని మన పెద్దవాళ్లు అనుకుంటారు. కానీ పెళ్లిళ్లలో, నోముల్లో ఊళ్లో అందరూ తలా ఒక చెయ్యి వేసి వండినవాళ్లే కదా వాళ్లు. వచ్చేది పరాయివాళ్లు కాదు, మీ వాళ్లే. ఇవన్నీ చేస్తే 7,500 ఖర్చు 5,000కి దిగుతుంది. ఒక్క మనిషి కూడా తగ్గక్కర్లేదు.

ఇప్పుడు నన్ను నిజంగా కంగారు పెట్టిన విషయానికి వస్తాను. మీ బ్యాంకులో ఉన్నది 41,000. భోజనాలు, చీటీ తీసేసినా మీ ఇంటికి తప్పనిసరి ఖర్చు నెలకు 62,000. అంటే మీవారికి జీతం ఆగితే మీ ఇల్లు నెల రోజులు కూడా నడవదు. మామగారికి 69 ఏళ్లు, సుగర్, బీపీ. కంపెనీ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమాలో మీ నలుగురే ఉన్నారు, అత్తమామలు లేరు. రేపు రాత్రి మామగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే కౌంటర్ దగ్గర అడ్వాన్సు ఎవరు కడతారు? మీరు ఫోన్ చేసేది ఎవరికి? ఆదివారం మీ ఇంట్లో భోంచేసేవాళ్లకే.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. తెనాలి దగ్గర మా తాతగారి ఊరు. నాన్నగారు వాళ్లు నలుగురు అన్నదమ్ములు. ప్రతి ఆదివారం నాయనమ్మ ఇంట్లో రెండు బంతులు లేచేవి. మొదటి బంతిలో పిల్లలం, మగవాళ్లు, రెండో బంతిలో ఆడవాళ్లు. నాయనమ్మ మాత్రం అందరూ తిన్నాకే కూర్చునేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా చిన్నబాబాయికి బండి మీద వెళ్తుంటే యాక్సిడెంట్ అయింది. ఆసుపత్రివాళ్లు ముందు డబ్బు కట్టమన్నారు. నలుగురు అన్నదమ్ముల దగ్గరా కలిపి సగం కూడా లేదు. మా నాన్నగారు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. అంటే ఏడాదికి 36 శాతం. పెదనాన్న పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టారు. బాబాయి బతికాడు. కానీ ఆ డబ్బు తిరిగి ఇవ్వలేకపోయాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మొదట బాబాయి వాళ్లు రావడం మానేశారు, ముఖం చెల్లక. తర్వాత పెద్దమ్మ మానేసింది. ఏడాది తిరిగేసరికి ఆదివారం నాయనమ్మ ఒక్కదానికే సోలెడు బియ్యం పొయ్యి మీద పెట్టుకునేది. పెద్ద గుండిగ అటకెక్కింది. మళ్లీ దిగలేదు.

ఆ భోజనాలు ఖర్చు వల్ల ఆగలేదు. బాకీల వల్ల ఆగాయి. ఎమర్జెన్సీ ఫండ్ గురించి నేను ప్రతి జవాబులోనూ పట్టుబట్టేది ఇందుకే. అది వడ్డీ కోసం దాచే డబ్బు కాదు. కష్టం వచ్చినప్పుడు మీ ఆడపడుచు ముందు చెయ్యి చాచకుండా ఉండటానికి దాచే డబ్బు.

మీకు కావాల్సింది ఆరు నెలల తప్పనిసరి ఖర్చు, 3,72,000. ఒక్కరోజులో రాదు. ఇప్పుడు మిగిలే 2,500కి, భోజనాల్లో తగ్గే 2,500 కలపండి. నెలకు 5,000. జీతం పడిన రోజే వేరే బ్యాంకు ఖాతాలోకి పంపేయండి. దానికి డెబిట్ కార్డు, యూపీఐ ఏవీ పెట్టుకోకండి, చెక్కుబుక్కు చాలు. మీ లక్ష రూపాయల చీటీలో 7 నెలలు అయ్యాయి, ఇంకా 13 ఉన్నాయి. టేబుల్ కోసం ఇప్పుడే పాడుకుందామా అని అడిగారు. వద్దు. పాట తగ్గించి పాడుకుంటే నష్టం మీదే. చివరిదాకా ఉంచితే కమిషన్ పోను 95,000 దాకా చేతికొస్తుంది. అంటే 13 నెలల తర్వాత ఇప్పటి 41,000, కొత్తగా దాచిన 65,000, చీటీ డబ్బు కలిసి రెండు లక్షలవుతాయి. అత్తగారి బీమా ప్రీమియం పోయినా లక్షన్నర దాకా మిగులుతుంది. ఆ తర్వాత చీటీకి కట్టే 5,000 కూడా ఇందులోకే వస్తుంది కాబట్టి ఇంకో రెండు మూడేళ్లలో లక్ష్యం చేరుకుంటారు.

అత్తగారికి 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు తప్ప జబ్బులు లేవన్నారు. ఆమె పేరున 5 లక్షల ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. ఆ నొప్పుల సంగతి ఫారంలో రాయండి, దాచకండి. దాచిన ఒక్క మాట మీద క్లెయిమ్ తిరస్కరించిన కేసులు నేను చాలా చూశాను. మామగారి విషయంలో, రెన్యువల్ సమయంలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలుందేమో మీవారిని వాళ్ల హెచ్‌ఆర్‌ని అడగమనండి. పాత జబ్బులున్నా అలాంటి గ్రూప్ పాలసీల్లో చాలావరకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. విడిగా కొంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. వచ్చే ఏడాది ఆయనకు 70 నిండగానే ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. 2024 అక్టోబరు నుంచి 70 నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత చికిత్స ఉంది. మీ దగ్గర్లో ఏ ఆసుపత్రులు అందులో ఉన్నాయో ముందే కనుక్కుని ఫ్రిజ్ మీద రాసి అంటించండి.

మీవారి పేరున 19 లక్షల ఇంటి రుణం ఉండగా టర్మ్ పాలసీ (మనిషికి ఏమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోవడం కూడా తప్పే. అత్తగారి పాలసీ అయిన వెంటనే అదీ తీసుకోండి. సిప్ ఇప్పుడు వద్దు, ఫండ్ సగం నిండాక చూద్దాం. కొత్త ఫ్రిజ్‌కి నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేదని చెప్పే వాయిదాలు, అన్నారు. నగదుకి ఇచ్చే డిస్కౌంట్ అందులో పోతుంది. ఉన్న ఫ్రిజ్ పని చేస్తున్నంత కాలం అదే చాలు.

బంగారం 14 కాసులు ఉందని రాశారు. అది బల్లకి, అల్మరాకి తాకట్టు పెట్టే వస్తువు కాదు. ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డ రోజున, ఫండ్ చాలనప్పుడు, బ్యాంకుకి తీసుకెళ్లే వస్తువు. అప్పటిదాకా లాకర్లోనే ఉండనివ్వండి.

వంటగది పొగకి మాత్రం పరిష్కారం ఇప్పుడే చేయండి. మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి బిగించండి. అత్తగారు కింద కూర్చుని కత్తిపీటతో తరగలేకపోతున్నారన్నారు కదా, ఆమెకు ఒక ఎత్తు స్టూలు, చిన్న బల్ల కొనండి. రెండూ కలిపి ఒక నెల దాచే డబ్బులో వస్తాయి, ఆ నెల ఫండ్ ఆగినా పర్వాలేదు. సంక్రాంతికి మనుషులు ఎక్కువైతే టెంట్ హౌస్‌లో రెండు బల్లలు, గుండిగలు ఒక్కరోజుకి అద్దెకు తెచ్చుకోండి. లేదంటే హాల్లో చాపలు పరిచి విస్తళ్లు వేయండి. మొదటి బంతిలో మామగారిని, అత్తగారిని కూర్చోబెట్టండి, ఈసారి మీరు కూడా వాళ్ల పక్కన కూర్చోండి. వడ్డన మరిదికి, మీవారికి అప్పగించండి.

లోన్ మెసేజ్‌కి వద్దని చెప్పేసి, ఆ కొత్త ఖాతా ఈ వారంలోనే తెరవండి. చీటీ డబ్బు చేతికొచ్చిన నెలలో మళ్లీ ఉత్తరం రాయండి. వంటగది లెక్క అప్పుడు కూర్చుని వేద్దాం.