హంగేరీ 'బరాత్'కు మన బరాత్ చుట్టమా?

ప్రశ్న: హంగేరియన్‌లో 'బరాత్' అంటే స్నేహితుడు అట, క్రైస్తవ సన్యాసి కూడానట. మన పెళ్లి బరాత్‌కు దానితో సంబంధముందా? సంస్కృత 'భ్రాత' అక్కడికి పోయిందా? నాన్నను 'అప' అంటారట, అదీ మన 'అప్ప'నేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: పెళ్లి బరాత్‌ను పక్కన పెట్టండి. అది 'వరయాత్ర' అరిగి, హిందీ, ఉర్దూల మీదుగా మనకొచ్చిన మాట.

'భ్రాత' మాత్రం నిజంగానే బంధువు, కాకపోతే దాయాది వరుస. హంగేరియన్ సంస్కృతం కుటుంబం కాదు, యురాలిక్ అనే వేరే కుటుంబపు భాష, ఫిన్లాండ్ వాళ్ల ఫిన్నిష్‌కు దూరపు చుట్టం. 9వ శతాబ్దం చివర ఆ జనం ఇప్పటి హంగేరీకి చేరేసరికి అక్కడ స్లావులు (రష్యన్, పోలిష్ లాంటి భాషల కుటుంబం వాళ్లు) ఉన్నారు. హంగేరియన్లు అరువు తెచ్చుకున్నది వాళ్ల 'బ్రాత్' మాటను, దానికి అన్నైనా తమ్ముడైనా ఒకటే. సంస్కృతానికి, స్లావుల భాషకు, లాటిన్‌కు ఉమ్మడి తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలోని 'భ' సంస్కృతంలో నిలిచి 'భ్రాత' అయింది, స్లావుల నోట 'బ' అయింది, లాటిన్‌లో 'ఫ్రాతెర్' అయింది.

మాట మొదట్లో జంట హల్లు వస్తే పాత హంగేరియన్ మధ్యలో అచ్చు చొప్పించేది, గ్లాసును మనం గిలాస చేసినట్టు. అట్ల 'బ్రాత్' బరాత్ అయింది. స్లావుల 'స్రెద' (బుధవారం) 'సెరెద' అయి, ఇప్పుడు 'సెర్ద'గా నిలిచింది. ఒక్క మాట పోలికతో ఏదీ తేలదు. ఇట్ల వరుసగా ఒకే తీరున మారిన మాటలు దొరికితేనే అరువు సంగతి నమ్మాలి.

తోబుట్టువు అనే అర్థం ఎందుకు నిలవలేదంటే, ఆ చోటు ఖాళీగా లేదు. మనలాగే వాళ్లకూ అన్న, తమ్ముడు, అక్క, చెల్లె నలుగురికీ వేర్వేరు మాటలున్నాయి. చెల్లె 'హూగ్', అక్క 'నోవేర్'. ఆస్పత్రి నర్సునూ 'నోవేర్' అనే పిలుస్తారు. ఇక మఠాల్లో సన్యాసులు ఒకరికొకరు సోదరులే కదా, ఆ అర్థం అక్కడ కుదిరింది. బయట దోస్తు అర్థం స్థిరపడింది. 'బరాతొమ్' అంటే నా స్నేహితుడు, చివరి 'ఒమ్' నాది అని చెప్పే ప్రత్యయం. సెయింట్ ఫ్రాన్సిస్ బాటలో నడిచే ఫ్రాన్సిస్కన్ సన్యాసులను ఇప్పటికీ బరాత్ అంటారు. ప్లమ్ పండ్ల జామ్ పెట్టి మడిచి, నీళ్లలో ఉడికించే పిండివంట పేరు 'బరాత్‌ఫ్యూలె', సన్యాసి చెవి.

'అప' మీద మాత్రం ఏమీ కట్టకండి. పసిపిల్లలకు పెదాలతో పలికే ప, బ, మ ముందొస్తాయి కాబట్టి అమ్మానాన్నల మాటలు ఎన్నో భాషల్లో ఒకేలా ఉంటాయి. మఠాధిపతి 'అపాత్' కూడా ఈ 'అప' నుంచి పుట్టింది కాదు. అది పశ్చిమాసియా ప్రాచీన భాష అరమాయిక్‌లోని 'అబ్బా' (నాన్న) నుంచి గ్రీకు, లాటిన్ల మీదుగా చర్చితో పాటు వచ్చింది.