సముద్రం మీదికి వెళ్తున్న మేనకోడలికి

ప్రభువునందు ప్రియమైన తల్లికి, అల్లుడికి,

మీ ఇద్దరికీ మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

మీరు తెరచాప పడవ కొన్నారని, కేనరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్ చేరి, కొన్నేళ్లపాటు పడవ మీదే కాపురం ఉంటారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చెప్పి చాలాసేపు ఊరుకున్నాడు. ఎందుకు ఊరుకున్నాడో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ల క్రితం నేనూ మీ మామయ్యా అదే దారిన వెళ్లాం. 38 అడుగుల పడవలో పదకొండేళ్లు బతికాం. ఆ పదకొండేళ్లలో నేను బాగా చేసినవీ, చేయలేకపోయినవీ రెండూ నీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి.

ముందు తేదీల సంగతి. అట్లాంటిక్‌లో తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. అందుకే చాలామంది నవంబరు చివర్లోనో డిసెంబరులోనో బయలుదేరతారు. అప్పటికి ఈశాన్యం నుంచి వచ్చే వ్యాపార పవనాలు కుదురుకుంటాయి. కేనరీ దీవుల నుంచి సెయింట్ లూసియా దాకా దాదాపు 2,700 నాటికల్ మైళ్లు. గంటకు 5 మైళ్లు సాగితే ఇరవై మూడు రోజులు, 6 సాగితే పందొమ్మిది. ఇంట్లోవాళ్లు "ఏ రోజుకు చేరతారు?" అని తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు తేదీ చెప్పొద్దు తల్లీ. "మూడు నుంచి నాలుగు వారాలు" అను. తేదీ చెప్పావంటే రెండు నష్టాలు. ఆ రోజు దాటగానే మీ అమ్మకు నిద్ర ఉండదు. అంతకన్నా పెద్ద నష్టం, ఆ తేదీ మీ మెడకు చుట్టుకుని, బయలుదేరకూడని రోజున మిమ్మల్ని బయలుదేరదీస్తుంది.

ఇది నేను అనుభవించి చెబుతున్న మాట. మీ బావ పెళ్లికి విమానం అందుకోవాలి. మధ్యలో మూడు రోజుల సముద్రం ఉంది. వాతావరణ సూచన బాగాలేదని రేవులోనే ఆగాం. మూడో రోజు ఉదయం గాలి నెమ్మదించింది. "దేవుడు దారి తెరిచాడు, వెళ్దాం" అన్నది నేనే. మీ మామయ్యకు ఇష్టం లేదు, నా ముఖం చూసి కాదనలేకపోయారు. ఆ రాత్రికే గాలి 35 నాట్లకు, అంటే గంటకు 35 నాటికల్ మైళ్ల వేగానికి లేచింది. ముందు తెరచాప నిలువునా చిరిగిపోయింది. రెండు రోజులు వాంతులతో చుక్కాని దగ్గర వంతులవారీగా కూర్చున్నాం. విమానం ఎలాగూ తప్పిపోయింది. పెళ్లయిన మర్నాడు ఇంటికి చేరాం.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు, ఆ తర్వాత గానీ నాకు అది అర్థం కాలేదు. ఉపవాస దినం దాటిపోయింది, అంటే చలికాలం దగ్గరపడింది, ఇక ప్రయాణం ప్రమాదమని, ఖైదీగా ఓడలో ఉన్న పౌలు మంచిరేవులు అనే చోటే హెచ్చరించాడు. శతాధిపతి నావికుడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. తీరా దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి, తాము అనుకున్నది సమకూడిందని లంగరెత్తేశారు. ఊరకులోను అనే పెనుగాలి కొట్టింది ఆ తర్వాతే. ఓడలో ఉన్న 276 మందీ బతికారు గానీ ఓడ ముక్కలైపోయింది. మెల్లగా వీచిన ఆ దక్షిణపు గాలి దేవుడి గుర్తు కాదు, అది గాలి. గాలి సంగతి వాతావరణ సూచనను అడగండి. మనసులో ఉన్న తొందర సంగతి ప్రార్థనలో అడగండి. నేను ఆ రోజు రెండోది అడగలేదు. అడిగి ఉంటే నా తొందరకు దేవుడి పేరు పెట్టేదాన్ని కాదు.

అల్లుడు నీకన్నా ఎక్కువగా పడవలు నడిపాడని విన్నాను. సంతోషం. అయినా పడవలో ఉన్న ప్రతి పనీ మీ ఇద్దరికీ రావాలి. ఇంజిన్ ఆన్ చేయడం, తెరచాప దింపడం, వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానల్ 16 మీద సహాయం అడగడం, పడవ అడుగుకు నీళ్లు చేరితే ఏ వాల్వు ఎక్కడుందో చీకట్లో తడిమి మూసేయడం, అన్నీ. ఒకసారి మీ మామయ్య జ్వరంతో మూడు రోజులు పడక దిగలేదు. అప్పటిదాకా ఇంజిన్ నా పని కాదనుకున్నాను. ఆయన కళ్లు మూసుకునే, ఏ స్పానర్ తీసుకోవాలో చెబుతుంటే, నేను వణుకుతూ ఇంధనం ఫిల్టరు మార్చాను. ఒంటరివాడు పడిపోతే లేవనెత్తేవాడు ఉండడని ప్రసంగి అన్నాడు కదా. పడవ మీద ఆ మాటకు వేరే అర్థం వెతకక్కర్లేదు. ఒకరు నీళ్లలో పడితే పడవలో మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరే పడవ తిప్పాలి, పడినవాళ్లను కనిపెట్టి ఉండాలి, పైకి లాగాలి. తడిసిన మనిషిని నిచ్చెన లేకుండా, కప్పీ లేకుండా లాగడం నీవల్లా కాదు, అల్లుడివల్లా కాదు. ప్రశాంతంగా ఉన్న రోజున ఒక దిండు నీళ్లలోకి విసిరి, చెరొకసారి ఒంటరిగా పడవ తిప్పి తీసుకురండి. పది సార్లు చేయండి. రాత్రిపూట మాత్రం నడుముకు తాడు తగిలించుకోకుండా ఎవరూ పైకి అడుగుపెట్టకూడదు. రెండోవాళ్లను నిద్ర లేపకుండా ముందువైపుకు వెళ్లకూడదు. ఈ రెండింటిలో మాకు మినహాయింపు ఎప్పుడూ లేదు.

ఇద్దరే ఉంటారు కాబట్టి రాత్రి మూడు గంటల చొప్పున కాపలా పెట్టుకోండి. వంతు మారేటప్పుడు అయిదు నిమిషాలు ఇద్దరూ మెలకువగా ఉంటారు చూడు, మా కుటుంబ ప్రార్థన అదే. దూరంగా కనబడుతున్న ఓడ దీపం ఎటు కదులుతోందో చెప్పుకోవడం, గాలి ఎలా ఉందో చెప్పుకోవడం, ఒక కీర్తన, ఒక చిన్న ప్రార్థన. సూర్యుడు అస్తమించేవరకు కోపం ఉంచుకోవద్దన్న మాటను మేము మొదటి కాపలా లోపల అని మార్చుకున్నాం. అలిగి పడుకున్న మనిషికి నిద్ర పట్టదు. నిద్ర లేని మనిషి తెల్లవారుజామున ఓడ దీపాన్ని నక్షత్రం అనుకుంటాడు.

మీ మొదటి గొడవ లంగరు దగ్గరే వస్తుంది. ఒకరు ముందు, ఒకరు వెనుక చుక్కాని దగ్గర, మధ్యలో ఇంజిన్ మోత, రేవులో అందరూ చూస్తుంటారు. కేకలు వేసుకోకండి. ముందుకు, వెనక్కు, ఆపు, గొలుసు వదులు, ఈ నాలుగింటికీ చేతి సైగలు ఇప్పుడే అనుకోండి.

లంగరు లెక్క అల్లుడికి తెలిసే ఉంటుంది, నువ్వూ నేర్చుకో. నీటి లోతు 5 మీటర్లు, పడవ ముందుభాగం నీటి మీద 1 మీటరు, పోటుకు ఇంకో 2 మీటర్లు పెరుగుతుందనుకుందాం. మొత్తం 8. దానికి అయిదు రెట్లు, అంటే 40 మీటర్ల గొలుసు వదలాలి. గాలి పెరిగేలా ఉంటే ఏడు రెట్లు, 56. తర్వాత ఇంజిన్ నెమ్మదిగా వెనక్కు నడిపి, ఒడ్డున రెండు గుర్తులు చూసుకుని, అవి కదలడం లేదని తేలాకే ఇంజిన్ ఆపాలి. లంగరు తన బరువు వల్ల ఆగుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. గొలుసు పొడవుగా వదిలితే అడుగున నేలకు ఆని పడుకుంటుంది, లాగుడు అడ్డంగా వస్తుంది, అప్పుడే లంగరు కొన మట్టిలోకి దిగుతుంది. గొలుసు పొట్టిగా ఉంటే పైకి లాగుతుంది, ఎంత బరువైన లంగరైనా ఊడిపోతుంది. మన నిరీక్షణ ఆత్మకు లంగరని హెబ్రీ పత్రికలో ఉంది. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఆ గొలుసే గుర్తొస్తుంది. పెద్ద గాలి రాత్రి చేసే ప్రార్థనను గాలి లేని రోజుల ప్రార్థనలే పట్టి ఉంచుతాయి. నేను చూసింది ఇదే.

ఇక నేను అసలు రాయాలనుకున్న విషయం.

మేము నెలకోసారి ఇంటికీ సంఘానికీ ఉత్తరం పంపేవాళ్లం. ఏ దీవి, ఎన్ని మైళ్లు, సూర్యాస్తమయం ఎలా ఉంది, దేవుడు ఎలా కాపాడాడు. ఆ ఉత్తరాల నకళ్లు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఈ మధ్య తీసి చదివాను. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ చిరిగిన తెరచాప లేదు, నేను రెండు వారాలు మీ మామయ్యతో సరిగా మాట్లాడని సంగతి లేదు, ఒక రాత్రి భయంతో ప్రార్థన నోటికి రాని సంగతి లేదు. సాక్ష్యం అంటే చక్కగా ఉండాలని అనుకున్నాను. అట్లాంటిక్ దాటేముందు మీ తాతయ్య నాకు రాశారు: "అమ్మా, నీ ఉత్తరాల్లో నువ్వెక్కడున్నావో ఉంటోంది, ఎలా ఉన్నావో ఉండటం లేదు." దానికి జవాబుగా నేను డాల్ఫిన్ల గురించి రాశాను.

దాటడం మొదలుపెట్టిన పదకొండో రోజు కబురొచ్చింది. అప్పట్లో మా షార్ట్‌వేవ్ రేడియోకు మోడెం తగిలించి రోజుకొకసారి చిన్న ఈమెయిల్ అందుకునేవాళ్లం. మీ నాన్న రెండే వాక్యాలు పంపాడు. నాన్న ప్రభువు సన్నిధికి వెళ్లారని, రేపు మధ్యాహ్నం భూస్థాపన అని. వెనక్కు 1,300 మైళ్లు, అదీ గాలికి ఎదురు. ముందుకు 1,400. తిరగడానికి లేదు. భూస్థాపన సమయాన్ని యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న సమయంలోకి మార్చి చూస్తే మాకది తెల్లవారే వేళ. మామయ్య తెరచాప కుదించి పడవ నెమ్మది చేశారు. ఆయన యోహాను 14 చదివారు. నేను పాడబోయాను, గొంతు రాలేదు, ఆయన ఒక్కరే పాడారు. అప్పుడు నీకు ఆరేళ్లు. సమాధి దగ్గర నువ్వు మీ నాన్న వేలు పట్టుకుని ఉన్నావని తర్వాత విన్నాను.

మీ నాన్న, నా తమ్ముడు, రెండేళ్లు నాతో "అక్కా, బాగున్నావా" అన్న ఒక్క మాట తప్ప మాట్లాడలేదు. తప్పు వాడిది కాదు. వాడు చావు బరువంతా ఒక్కడే మోసిన నెలలో నా దగ్గర్నుంచి వెళ్లిన ఉత్తరంలో "దేవుని కృపవల్ల క్షేమంగా చేరాం" అని ఉంది. మామయ్య గొంతు, నా ఏడుపు, తిరగలేని ఆ సముద్రం, ఏదీ లేదు. చివరికి ఆ ఉదయం జరిగిందంతా ఉన్నదున్నట్టు వాడికి ఆరు పేజీలు రాశాను. అది చదివి ఫోన్ చేశాడు.

అందుకే అడుగుతున్నాను తల్లీ. ఇంటికి నిజం రాయి. 107వ కీర్తన చూడు. ఓడలెక్కి సముద్ర ప్రయాణం చేసేవాళ్లు అందులో మత్తు ఎక్కినవాళ్లలా తూలుతారు, దిక్కుతోచక ఉంటారు, మొర పెడతారు, ఆ తర్వాతే కోరిన రేవుకు చేరతారు. కోరిన రేవు ఒక్కటే రాసి మిగతాది దాచిపెట్టలేదు కీర్తనకారుడు. భయపడ్డావని రాస్తే మీ అమ్మ భయపడుతుందని అనుకుంటావు. దాచినప్పుడు ఆవిడ ఇంకా ఎక్కువ భయపడుతుంది, తల్లి కాబట్టి. వాళ్ల కబుర్లు కూడా అడిగి తెలుసుకో. ఎవరి మోకాలు నొప్పిగా ఉంది, ఎవరి ఉద్యోగం పోయింది, సంఘంలో ఎవరింట్లో దుఃఖం ఉంది అని. మీ ప్రార్థనలో ఆ పేర్లు ఉండాలి.

ఇప్పుడు పడవల్లోకి ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చింది, రోజూ ఫోన్ చేయొచ్చు. అది మంచిదే గానీ, ఒక్కరోజు మాట రాకపోతే ఇంట్లో గగ్గోలు పుడుతుంది. మాట రాకపోవడం ప్రమాదానికి గుర్తు కాదని ముందే చెప్పు. నిజంగా ఎప్పుడు కంగారుపడాలో ఒక్కరికే చెప్పు. పడవ పొడవు, రంగు, మీ దారి, ఏ రోజు దాటితే కోస్ట్‌గార్డుకు ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఆ ఒక్కరి చేతికివ్వు. ప్రమాదంలో ఉపగ్రహాల ద్వారా సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్ నమోదు చేసేటప్పుడు ఒడ్డున ఎవరికి ఫోన్ చేయాలో అడుగుతారు. మీ అమ్మ పేరు ఇవ్వొద్దు. రాత్రి రెండింటికి ఫోన్ మోగినా నిదానంగా సమాధానం చెప్పగలిగే మనిషి పేరు ఇవ్వు.

మరొక్క మాట, నొచ్చుకోకండి. మీ ప్రయాణానికి సేవ అని పేరు పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. మీకు సముద్రమంటే ఇష్టం, దేవుడు ఆ సంతోషం మీకిచ్చాడు, దాన్ని అలాగే పుచ్చుకోండి. రేవుల్లో ఆదివారం ఒడ్డుకు వెళ్లి అక్కడి సంఘంలో వెనుక వరుసలో కూర్చోండి. సాక్ష్యం చెప్పమని వాళ్లడిగితే చెప్పండి. అల్లుడికి ఇంజిన్లు బాగుచేయడం వచ్చు కాబట్టి ఎవరి పడవైనా ఆగిపోతే ముందు ఆ పని చూడమను.

బయలుదేరే ముందు కనీసం రెండు వారాలు ఇంట్లో ఉండు. సామాన్ల జాబితా తర్వాత. మీ నాన్న పక్కన కూర్చుని, నువ్వు దూరంగా ఉన్నప్పుడు ఇంట్లో ఏదైనా జరిగితే ఏం చేయాలో, వెంటనే చెప్పాలో ఒడ్డు చేరాక చెప్పాలో, ఇద్దరూ మాట్లాడుకోండి. వాడు మాట దాటేస్తాడు. నువ్వు లేవొద్దు. మేం మాట్లాడుకోలేదు, అందుకే ఆ రెండు వాక్యాలు సముద్రం మధ్యలో అలా వచ్చాయి.

మామయ్య వాడిన పాత నడుము తాడు ఇంకా ఉంది గానీ దాని కుట్లు ఎండకు పాడయ్యాయి. దాన్ని నమ్మొద్దు, మీరిద్దరూ కొత్తవే కొనుక్కోండి. ఆయన చేతిరాతతో ఉన్న లాగ్‌బుక్కులు మాత్రం పార్సిల్‌లో పంపుతున్నాను. పదకొండో రోజు పేజీలో గాలి, దిశ, మైళ్లు రాసి, కింద మీ తాతయ్య పేరు రాశారు. ఆ పేజీ మీ నాన్నకు కూడా చూపించు.

ప్రభువునందు,
మీ అత్తయ్య