బుల్లెట్‌ను లాండ్స్‌కు ఆనించి సీట్ చేయాలా?

308 విన్‌చెస్టర్ రైఫిల్‌లో 168 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్‌ను లాండ్స్‌కు (బ్యారెల్ లోపలి మెలితిరిగిన గాళ్ల మధ్య ఎత్తుగా ఉండే గట్లకు) ఆనించి సీట్ చేస్తే, అంటే తూటా కేస్ మూతిలో బుల్లెట్‌ను ఆ మేరకు ముందుకు ఉండేలా బిగిస్తే, గ్రూపులు చిన్నవవుతాయా (గుళ్లు లక్ష్యంపై మరింత దగ్గరదగ్గరగా పడతాయా) అని అడిగారు. ఆనించవద్దని నా సలహా. వేటకో, సాధారణ సాధనకో రైఫిల్ వాడేవారికి ఆ పద్ధతితో వచ్చే లాభం కంటే చిక్కులే ఎక్కువ.

టెక్సస్‌లో నేను తూటాలు సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టిన రెండో ఏడాది, ఎవరో చెప్పిన మాట విని, బుల్లెట్ రైఫ్లింగ్‌లోకి (ఆ గాళ్లు, గట్లలోకి) 0.010 అంగుళం దిగేలా సీట్ చేసుకొని రేంజ్‌కు వెళ్లాను. కాల్పులు ఆపమనే పిలుపు వినగానే చాంబర్ ఖాళీ చేద్దామని బోల్ట్ వెనక్కి లాగితే, కేస్ ఒక్కటే బయటికి వచ్చింది. బుల్లెట్ బ్యారెల్ మొదట్లోనే బిగుసుకుపోయింది. కేస్‌లోని మందు యాక్షన్‌లోకి, మ్యాగజైన్‌లోకి, ట్రిగ్గర్ సందుల్లోకి జలజలా రాలిపోయింది. రేంజ్ అధికారి దగ్గరుండి ఆ మందునంతా తుడిపించిన తరువాత, పక్క బెంచీ మీది పెద్దాయన ఇచ్చిన క్లీనింగ్ రాడ్‌ను బ్యారెల్ మూతి నుంచి దింపి మెల్లగా తడితే బుల్లెట్ ఊడి వచ్చింది. దాని ఓజైవ్ (మొన వైపు సన్నబడే వంపు) చుట్టూ, గోటితో గీసినట్టు, సమదూరంలో నాలుగు సన్నని గీతలు పడి ఉన్నాయి. ట్రిగ్గర్ విప్పి శుభ్రం చేయడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

చిక్కు అంతటితో పోదు. బుల్లెట్ ముందుగానే రైఫ్లింగ్‌ను తాకి ఉంటే పీడనం త్వరగా పెరుగుతుంది కాబట్టి, జంప్ (బుల్లెట్‌కు, లాండ్స్‌కు మధ్య ఖాళీ) ఉన్నప్పుడు సరిపోయిన మందు మోతాదే అక్కడ మితిమీరిపోవచ్చు. జంప్ ఉంటే గురి చెడుతుందన్న నమ్మకానికి 300 వెదర్‌బీ మాగ్నమ్ చాలు సమాధానం: అంగుళంలో మూడోవంతుకు మించిన ఫ్రీబోర్‌తోనే (రైఫ్లింగ్ మొదలయ్యేలోపు ఉండే నున్నటి భాగంతోనే) ఆ రైఫిళ్లు దశాబ్దాలుగా చక్కగా కాలుస్తున్నాయి. లాండ్స్‌కు దగ్గరగా ఉండాలని అందరూ అనుకునే వీఎల్‌డీ (గాలి నిరోధం చాలా తక్కువగా ఉండే పొడవాటి) బుల్లెట్లకు కూడా, వాటిని తయారుచేసే బెర్జర్ సంస్థ 0.040, 0.080, 0.120 అంగుళం జంప్‌లతోనూ పరీక్షించి చూడమని చెబుతుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది మరొకటి ఉంది: తమ తూటా మొత్తం పొడవును అంకెల్లో రాసి, అందరూ అదే వాడాలని చెప్పేవారు. వారి చాంబర్ వేరు, మీ చాంబర్ వేరు. పైగా హాలో పాయింట్ (మొనలో రంధ్రం ఉండే) బుల్లెట్ల మొనలు ఒకే పెట్టెలోనే సమానంగా ఉండవు. అందుకే మొన నుంచి కాక, కంపారేటర్‌తో (కాలిపర్‌కు తగిలించే కొలత పరికరంతో) ఓజైవ్ దగ్గర కొలవాలి.

ముందుగా మీ రైఫిల్‌లో, మీరు వాడబోయే బుల్లెట్‌తోనే లాండ్స్ ఎక్కడ తగులుతున్నాయో కొలుచుకోండి. అక్కడి నుంచి 0.020 అంగుళం వెనక్కి సీట్ చేసి, తూటా మ్యాగజైన్‌లో పడుతుందో లేదో చూసుకొని, మాన్యువల్‌లోని ప్రారంభ మోతాదుతో మొదలుపెట్టండి. వేడికి థ్రోట్ (చాంబర్ ముందు, రైఫ్లింగ్ మొదలయ్యే చోటు) అరిగేకొద్దీ లాండ్స్ ముందుకు జరుగుతాయి కాబట్టి, కొలిచిన తేదీని, అప్పటికి కాల్చిన తూటాల సంఖ్యను పుస్తకంలో పక్కపక్కనే రాసుకోండి.