ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పెంచినా స్పెషలిస్టుల దగ్గర రద్దీ తగ్గకపోతే

లోపం బహుశా మీరు పెంచిన కేంద్రాల సంఖ్యలో లేదు, తిరుగు దారిలో ఉంది. రోగిని పైకి పంపే చీటీ ఉంటుంది, కిందికి పంపేది ఉండదు.

1. కింది కేంద్రంలో బీపీ, షుగరు మందులు నెలంతా దొరుకుతున్నాయా చూడండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: చికిత్స కుదిరాక స్పెషలిస్టు ఏ మందు, ఎంత మోతాదు, ఏ లక్షణం కనిపిస్తే మళ్లీ పంపాలో రాసి రోగిని ప్రాథమిక వైద్యుడికి అప్పగించాలి. ఆ కాగితం లేనిదే ఆయన మోతాదు మార్చడానికి జంకుతారు. రోగి మళ్లీ పెద్దాసుపత్రి వరుసలోకే వస్తాడు.

3. చూసిన రోగుల లెక్కన డబ్బిస్తుంటే స్పెషలిస్టు రోగిని ఎందుకు వదులుకుంటారు? అప్పగింతకూ చెల్లించండి.

స్పెషలిస్టుల నిధులు మాత్రం కోయవద్దు. ప్రాథమిక ఆరోగ్య సంరక్షణపై 1978లో వచ్చిన అంతర్జాతీయ ఆల్మా-అటా ప్రకటన కూడా పరస్పరం ఊతమిచ్చే రిఫరల్ (రోగిని ఒక స్థాయి నుంచి మరో స్థాయికి పంపే) వ్యవస్థనే కోరింది.