టెక్ సందేహాలు: గుంతలో పడగానే కారు ఆగిపోతోందా?

ప్రశ్న: తొమ్మిదేళ్ల పెట్రోలు కారు మాది. రాయచోటికి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్‌లో రెండుసార్లు ఉన్నట్టుండి ఆగిపోయింది. మీటర్లో లైట్లన్నీ పోయాయి. బీగం చెవి వెనక్కి తిప్పి మళ్లీ కొడితే స్టార్టయింది. కొత్త బ్యాటరీ వేయించినా అంతే. ఇగ్నిషన్ స్విచ్ మార్చమంటున్నారు, నిజమేనా? (కడప)

జవాబు: నిజమే కావచ్చు. మళ్లీ ఆగితే బండిని పక్కకు తీసి, కీ ముట్టుకోకుండా హజార్డ్ లైట్లు వేసి చూడండి. వాటికి కరెంటు ఇగ్నిషన్ స్విచ్‌తో సంబంధం లేకుండా వస్తుంది. అవి వెలిగి, మీటరు మాత్రం చీకటిగా ఉంటే స్విచ్‌నో దాని కనెక్టర్‌నో అనుమానించాలి. అవీ వెలగకపోతే బ్యాటరీ టెర్మినళ్లు, బాడీ ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి కలిపే వైరు) చూడాలి. ఘాట్‌లో ఆగినప్పుడు ఒక జాగ్రత్త: బండి కదులుతుండగా కీని లాక్ దాకా తిప్పారో, స్టీరింగ్ పట్టేస్తుంది. బ్రేకు పెడల్ రెండుమూడు నొక్కుళ్లకే గట్టిపడుతుంది, కాబట్టి పంపు కొట్టినట్టు కొట్టకుండా ఒక్కటే గట్టిగా తొక్కి పట్టండి.

ఇంట్లో పరీక్షకు మల్టీమీటరు చాలు. స్టీరింగ్ కింది కవరు విప్పి, కనెక్టరు ఊడదీయకుండానే దాని వెనక నుంచి ఒక ప్రోబ్ బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు, రెండోది ఐజీ వైరుకు (కీ ఆన్ చేస్తే కరెంటు బయటికి వెళ్లే వైరు) పెట్టండి. కీ ఆన్ చేసి బ్లోయర్ ఫుల్లుగా పెట్టండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే స్విచ్ బాగున్నట్టే. 0.5 దాటితే లోపలి కాంటాక్టులు కాలి, కార్బన్ పట్టినట్టు. మల్టీమీటరు చూస్తూ కీని కొద్దిగా అటూ ఇటూ ఊపండి. అంకె ఎగిరెగిరి పడితే ఇంకో రుజువు అక్కర్లేదు.

మార్చేటప్పుడు ముందు 10 నంబరు పానాతో బ్యాటరీ మైనస్ తీసి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే ఐదు నిమిషాలు ఆగండి. తాళం మొత్తం మార్చాల్సిన పని లేదు. చాలా కార్లలో దాని వెనక ఒకటి రెండు చిన్న స్క్రూలతో ఉండే ప్లాస్టిక్ ముక్కే స్విచ్. అదొక్కటీ మారిస్తే పాత కీ, ఇమ్మొబిలైజర్ (వేరే కీతో ఇంజన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) అలాగే పనిచేస్తాయి. షాపులో లాక్ సెట్ అంటగడితే వద్దనండి. కీ లాక్‌లో ఉండగానే పాతది తీయండి. కొత్తదాని గాడి కూడా అదే స్థానంలో ఉందో లేదో చూసి బిగించండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: గాడి ఒక మెట్టు తప్పితే కీ స్టార్ట్ దాకా వెళ్లదు, లేదా వెళ్లి అక్కడే ఉండిపోయి సెల్ఫ్ మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాలిపోతుంది. అందుకే బ్యాటరీ తగిలించకముందే కీ తిప్పి, స్టార్ట్ నుంచి స్ప్రింగులా వెనక్కి వస్తోందా అని చూసుకోవాలి.

కనెక్టరు పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగిందా? అయితే స్విచ్ ఒక్కటీ మార్చి లాభం లేదు, అదే వేడి కొత్తదాన్నీ తినేస్తుంది. అంతే మందం వైర్లతో కనెక్టరూ మార్చాలి. ఎక్స్‌ట్రా లైట్లు, ఆంప్లిఫయర్ ఐజీ వైరు నుంచే లాగి ఉంటే, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్), ఫ్యూజ్ పెట్టి నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వండి. స్విచ్ కాలడానికి నాకు తెలిసి మొదటి కారణం ఇదే.

ఇంటి తాళాలు, బీరువా తాళాలు అన్నీ ఒకే గుత్తికి వేలాడదీశారా? తీసేయండి. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి లోపానికే. స్విచ్‌లో పట్టు చాలక, గుత్తి బరువుకో కుదుపుకో కీ ఆన్ నుంచి జారిపోయేది. ఇంజన్ ఆగడమే కాదు, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులూ తెరుచుకునేవి కావు.

ప్రశ్న: కీ తిప్పడానికి బిగుసుకుపోతోంది. కొబ్బరి నూనె వేయొచ్చా? (అనంతపురం)

జవాబు: వద్దు. నూనెకు దుమ్ము అంటుకుని లోపల ముద్దవుతుంది. కీ రంధ్రంలో చిటికెడు గ్రాఫైట్ పొడి వేసి, పదిసార్లు కీ పెట్టి తీయండి. స్టీరింగ్ కాస్త అటూ ఇటూ కదిపితే కీ తేలిగ్గా తిరుగుతుంటే మాత్రం తాళం బాగానే ఉంది, బిగుసుకున్నది స్టీరింగ్ లాక్. దానికి పొడీ అక్కర్లేదు.